నాగవ్వ తొడబొక్క

జొన్నరొట్టె పెనం మీద వేస్తుండగా ఫోన్ మోగింది. "అవ్వా, నీ తొడబొక్క పట్టుకొని రేపు పొద్దుగాల తాండూరొస్తున్న!" అని సంబరంగా అరిచింది కూతురు జ్యోతిరాణి. నాగవ్వ చెయ్యి చప్పున తొడ మీదికి పోయింది. ఎముక ఉన్నచోటే ఉంది. రొట్టె మాడింది.

పోయిన నెల మోకాలి నొప్పికి వికారాబాద్‌లో స్కానింగ్ తీయించినప్పటి నుంచి ఆమె ఊహించని కీడు లేదు. కాలు తీసేస్తారనే అనుకుంది. మొగుడు కిష్టప్పేమో, "ఆడోళ్లకు మోకాళ్లు నొయ్యక ఇంకేం నొస్తయే? మీ అక్క బుగ్గమ్మ మోకాలు ఆపరేషన్ చేయించుకోని ఏం బాగుపడ్డది?" అంటాడు. ఆయన కుర్చీలోంచే అంటాడు. కోడలు మగవాళ్ల ముందు కుర్చీ ఎక్కకూడదనేది అత్త. అత్త పోయి పదకొండేళ్లయినా నాగవ్వ బండల మీదే గొంతుక్కూర్చుని రొట్టెలు కొడుతోంది.

తెల్లారి జ్యోతిరాణి సంచిలోంచి తెల్లటి ప్లాస్టిక్ ఎముక తీసింది. ఆమె హైదరాబాద్‌లో కృత్రిమ మోకాళ్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు.

"నీ స్కానింగ్ చూసి చేసినమే. కింది కొసకు రెండు గుబ్బలున్నయి సూడు. నడుమ కాలువల మోకాలిచిప్ప జారుతది." ఆపరేషన్‌లో ఎముక కొసకు వేసే లోహపు తొడుగొకటి దానికి ఎక్కించింది. ముందూ వెనకా సరిపోయింది గానీ రెండు పక్కలా అంచు బయటికి పొడుచుకొచ్చింది. "ఆడోళ్ల బొక్క గీడ సన్నగుంటది. తొడుగు వెడల్పైతే పక్కన కండకు రాసుకుంటది. బుగ్గమ్మ పెద్దమ్మ ఎక్స్‌రేల గిట్లనే ఉన్నది. గిప్పుడు గీ సన్నది సూడు!"

రెండో తొడుగు టక్కున కూర్చుంది. నాగవ్వ అంచు చుట్టూ వేలు తిప్పింది. ఎక్కడా తగల్లేదు. మళ్లీ తిప్పింది. "గాజులకు చెయ్యి కొలుస్తరు గాని, ఆడదాని మోకాలు కొలిచినోళ్లు గూడ ఉన్నరా బిడ్డా!"

"డాక్టర్ వచ్చే సోమారం నాడు ఆపరేషన్‌కు రమ్మన్నడే. నువ్వు ఊఁ అంటెనే."

"మొగోంది గాని ఆడదాంది గాని, బొక్క బొక్కనే," అన్నాడు కిష్టప్ప. "నువ్వు మంచంల పడితే రొట్టెలెవ్వలు చేస్తరు?"

మత్తుమందిస్తే లేస్తనో లేదో అనుకుంటూనే నాగవ్వ గోడ పట్టుకుని లేచింది. ఎముకను చంకలో పెట్టుకుని కుర్చీ దగ్గరికి వచ్చింది.

"జర లెవ్వు."

తెల్లబోయి లేచాడాయన. ఆమె కూర్చుని ఎముకను ఒళ్లో పెట్టుకుంది.

"సోమారం నాడు ఆపరేషన్‌కు పోతున్న. పిండి గా గిన్నెల ఉన్నది, నీళ్లు కాగినయి. కింద కూసోని కలుపు. ఎట్ల కొట్టాల్నో నేను ఈడ కుర్సీల కూసోనే చెప్త."