పొద్దున ఒక కాగితం, సాయంత్రం ఒక కాగితం

హెలెన్ ఆ ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా నర్సు. బెజవాడలో పేరున్న ఆసుపత్రే. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, మూడేళ్ళ కిందట యాజమాన్యమే సొంతంగా ఆరోగ్య కార్డు పెట్టింది. "బయటి ఇన్సూరెన్సు ఎందుకండీ? మన ఆసుపత్రి, మన డాక్టర్లు, మన కార్డు" అన్నారు. ఒక్కో నర్సూ నలభై కార్డులు అమ్మి తీరాలన్నారు. సూదిమందు వేసే చేత్తో కార్డులు అమ్మించే ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా? ఉంది మరి.

ఇబ్రహీంపట్నంలో ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల దగ్గర నిలబడి హెలెన్ ఆ నలభై కార్డులూ అమ్మింది. నర్సమ్మాయి అబద్ధం చెబుతుందా అని అందరూ నమ్మారు. థర్మల్ విద్యుత్ కేంద్రం క్వార్టర్లలో పాచిపని చేసే తెరేసమ్మ అందరికంటే ముందు తీసుకుంది. ఏటేటా రేటు పెంచుతున్నా ఆవిడ నోరెత్తకుండా కట్టింది.

ఆ తెరేసమ్మకి ఇప్పుడు పిత్తాశయంలో రాళ్ళు. మంగళవారం పొద్దున సర్జన్ రామకోటేశ్వరరావు స్కానింగ్ చూసి, రెండు రోజుల్లో ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే ప్రమాదం అని రాశాడు. ఆ కాగితాన్ని హెలెనే పైఅంతస్తులోని కార్డు ఆఫీసులో ఇచ్చి వచ్చింది. సాయంత్రానికి జవాబొచ్చింది. తొందరేమీ లేదట, ఆరు నెలలు మందులతో చూడొచ్చట, కార్డు వర్తించదట! కింద సంతకం చూసేసరికి హెలెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అది రామకోటేశ్వరరావు సంతకమే. పొద్దున డాక్టరు, సాయంత్రం కార్డు కమిటీ మెంబరు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

నేరుగా ఆయన గదికే వెళ్ళింది. "సర్, పొద్దున ఆపరేషన్ చెయ్యాలని రాసింది మీరే కదండీ?"

"అది రోగిని చూసి రాసింది. ఇది కార్డు చూసి రాసింది. మీకెందుకు సిస్టర్, వెళ్ళి మీ పని చూసుకోండి."

ఎంత తేలిగ్గా అన్నాడో! హెలెన్ వార్డుకి వెళ్ళేసరికి తెరేసమ్మ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. "డబ్బు కడితేనే కోస్తారంటగా. నా దగ్గర ఎక్కడుందే అమ్మాయ్? ఉన్నదంతా ఆ కార్డుకే పోశాను."

"పిన్నీ, నీ సంగతి నలుగురిలో చెప్పమంటావా?"

"చెప్పవే. నా పేరు పెట్టి మరీ చెప్పు."

మర్నాడు పొద్దున ఓపీ హాలు కిటకిటలాడుతోంది. కార్డులకి డబ్బు కట్టే కౌంటరు ముందు కూడా పెద్ద వరుసే ఉంది. హెలెన్ టోకెన్లు పిలిచే మైకు అందుకుని రెండు కాగితాలూ తేదీతో, సంతకంతో సహా చదివింది.

"రోగి ఒక్కరే, జబ్బు ఒక్కటే, డాక్టరుగారూ ఒక్కరే. మరి మాట రెండెట్లా అయిందండీ? ఈ కార్డులు మా చర్చిలో అమ్మింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"అయితే మా నాన్నకీ ఇట్టాగే రాశారన్నమాట!" అని వరుసలోంచి ఆటోనగర్ మెకానిక్ ఒకతను అరిచాడు. కౌంటరు ముందు జనం చెదిరిపోయారు.

పది నిమిషాల్లో అనుమతి వచ్చింది. ఆరు నెలలు ఆగొచ్చన్న జబ్బు పది నిమిషాల్లో అర్జంటయిపోయింది, చూశారా! మధ్యాహ్నానికల్లా హెలెన్ ఉద్యోగమూ ఊడింది.

అయినా ఆమె ఇంటికి పోలేదు. ఆపరేషన్ థియేటరు దాకా స్ట్రెచర్ పక్కనే నడిచింది. "ఇంకేం భయం లేదు పిన్నీ" అంది.

తెరేసమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు మైకులో అరిచావు కాబట్టి నాకు చేస్తున్నారు. మరి నీ మాట నమ్మి కార్డు తీసుకున్న మిగతా ముప్పై తొమ్మిది మంది కోసం ఎవరు అరుస్తారే?"