మంచాన పడ్డ రోజులకు పన్ను

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఒక్క పూట నాగా పెట్టని మనిషిని తోటివాళ్లు గడియారం అని పిలిచేవాళ్లు. కాగితపు చుట్టలు ఎత్తీ ఎత్తీ ఆ గడియారానికి నడుములో పూస జారింది. మూడు నెలలుగా మంచమే లోకం. జబ్బు సెలవులో ఉన్నవాళ్లకిచ్చే భత్యం కోసం ఇవాళ భార్య భుజం పట్టుకుని, మెట్టుకో నిట్టూర్పు చొప్పున సర్కారు ఆఫీసు రెండో అంతస్తు ఎక్కాడు. లిఫ్టు ఉంది. అది పనిచేయదని రాసిన కాగితమూ ఉంది.

గుమస్తా చెడ్డవాడేం కాదు. కంప్యూటర్లో చూసి తల గోక్కున్నాడు.

“మొదటి పదకొండు రోజులూ మీరు డ్యూటీలోనే ఉన్నారండీ. జీతం పడింది. ఆదాయపు పన్ను కూడా కోశారు.”

“మంచం మీదున్నానండీ.”

“పన్ను కోసిన రోజుల్లో జబ్బుగా ఉన్నానంటే ఎలా? సర్టిఫికెట్టు దొంగదని మూడు నెలల భత్యమూ కొట్టేస్తారు.”

ఆ జీతం పడినప్పుడు కంపెనీ దయ అనుకున్నారు మొగుడూ పెళ్లాలు. కంపెనీకి దయట! ‘జీతం సంగతి నాకొదిలెయ్ అక్కా’ అని తన తమ్ముడన్న మాట ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడిదీ అదే ఫ్యాక్టరీ. ఒకడికి ఆలస్యమైతే ఇంకొకడు వాడి హాజరు కార్డు గుద్దడం అక్కడ మామూలే. బావ నాలుగు రోజుల్లో లేస్తాడులే అని వాడు రోజూ తన కార్డుతో పాటు బావదీ గుద్దేశాడు. మేలు చేయబోయి మెడకు చుట్టాడు.

గుమస్తా గొంతు తగ్గించాడు. “ఎవరన్నా మీ కార్డు గుద్దుంటే పేరు రాసివ్వండి. మీ డబ్బు మీకొస్తుంది. వాడి ఉద్యోగం ఉండదనుకోండి.”

ఆమె కళ్లొత్తుకుంది. “చెప్పెయ్యండి. వాడు వయసులో ఉన్నాడు, ఇంకో పని చూసుకుంటాడు.”

గడియారం ఆమె వైపు చూడలేదు. వాడికి నెల కిందటే రెండో బిడ్డ పుట్టింది.

“నేనే వెళ్లానండీ.”

“ఈ నడుంతోనా?”

“ఈ నడుంతోనే.”

గుమస్తా కాగితం ముందుకు లాక్కున్నాడు. “అయితే పని చేయగలరనే రాయాలి నేను. సోమవారం నుంచి డ్యూటీకి వెళ్లాలి.”

“రాయండి.”

తమ్ముడి ఉద్యోగం నిలిచినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మొగుడి మీద ఒళ్లు మండింది. రెండూ నిజమే. ఆయన సంతకం పెట్టాడు. గుమస్తా ముద్ర గుద్దాడు.

గడియారం లేవబోయాడు. కుర్చీ చేతులు పట్టుకుని రెండోసారీ ప్రయత్నించాడు. మూడోసారికి గుమస్తా కలం పక్కన పెట్టి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆయన చంకల కింద చేతులు వేసి లేపాడు.

“మెల్లగా అండీ, మెల్లగా,” అన్నాడు.