అమ్మవారి వెనకవైపు

ఆ రోజు పరీక్ష నెగ్గితేనే జయంతి మ్యూజియంలో గైడ్ అవుతుంది. తప్పితే మళ్ళీ మొదటి నుంచి శిక్షణ. జీతం లేని పనే, కానీ పెళ్ళయ్యాక ఆమె తనకోసం కోరుకున్న మొదటి పని. తాముండే ఐసెలిన్ ఊరి నుంచి డ్రైవ్ చేస్తూ తనకేం భయం లేదని అత్తగారితో అంది. నిజంగానే లేదు.

అత్తగారు బాలమణి కోడలి మాటలు వినాలని ముచ్చటపడి వెంట వచ్చింది. గ్యాలరీ గుమ్మంలో చెప్పులు విప్పితే జయంతి వద్దని తొడిగించింది. చూడవచ్చిన నలుగురైదుగురి వెనక, పరీక్షించే క్యారల్ నిలబడింది.

వివరించడానికి జయంతి వంతుకు వచ్చింది ఎనిమిది వందల ఏళ్ళ నాటి స్పెయిన్ మేరీమాత. చెక్క బొమ్మ. ఒడిలో బాలయేసు. చీర కుచ్చిళ్ళలాంటి మడతల్లో ఎర్రరంగు ఇంకా నిలిచి ఉంది. ముక్కు మీద మాత్రం రంగుపోయి చెక్క కనిపిస్తోంది. బొమ్మ వెనకంతా డొల్ల. ఆ సంగతి ఎత్తితే చూసేవాళ్ళకి గౌరవం పోతుందని, ముందు నుంచే చూపించమని క్యారల్ శిక్షణలోనే చెప్పింది. జయంతికి అది నచ్చలేదు, అయినా సరేనంది.

తల్లి ఒడే ఆ బిడ్డకు సింహాసనమని ఆమె చెబుతుండగా, బాలమణి చేతులు జోడించి ప్రదక్షిణం మొదలుపెట్టింది. హాలు మధ్యలో పీఠం, చుట్టూ నడవడానికి చోటు. ఆవిడకి ఇంకో ఆలోచనే రాలేదు. ఇక్కడ ఇదే పద్ధతి కాబోలనుకుని మిగతావాళ్ళూ ఆవిడ వెనకే నడిచారు.

వెనకవైపుకి వెళ్ళాక బాలమణి ఆగిపోయింది.

"ఏమిటే జయంతీ, అమ్మవారికి వీపు లేదేం?"

అందరూ ఆ డొల్లలోకే చూస్తున్నారు. వాళ్ళని ముందుకి తీసుకురమ్మని క్యారల్ సైగ చేసింది. జయంతి ఆ సైగ చూసింది. చూసి, తనే వెనకవైపుకి నడిచింది.

మొద్దును నిండుగా వదిలేస్తే చెక్క ఆరుతూ బీటలు వారుతుందని, ఆ బీట మొహం మీదే పడొచ్చని, అందుకే శిల్పి వెనకంతా తొలిచేశాడని చెప్పింది. బరువు తగ్గాక ఊరేగింపులో మోయడం కూడా తేలికే అంది. ఒక ముసలాయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, ఉలి గాట్లను చాలాసేపు చూశాడు. అదే మాట అత్తగారికి తెలుగులో చెబితే, "అయితే పని తెలిసినవాడే" అని ఆవిడ మిగిలిన రెండు ప్రదక్షిణాలూ పూర్తిచేసుకుంది.

అందరూ వెళ్ళాక క్యారల్ దగ్గరికి వచ్చింది.

"ఇలా తిప్పడం నీ ప్లానేనా?"

"కాదు, మా అత్తగారి అలవాటు. ఇకమీదట నా ప్లాన్."

క్యారల్ పీఠం చుట్టూ తనూ ఒకసారి నడిచి వచ్చి, శనివారం మొదటి టూర్ నీదేనంది.