ముప్పై ఒక్క డిగ్రీలు దాటాక

నేను ఒక ఉక్కు సిలిండర్ని. ఒంటి మీద ఒక్క అతుకు లేకుండా తయారుచేశారు నన్ను. పుట్టినచోటే కడుపు నిండా నీళ్లు పట్టి, మోయాల్సినదానికి మించి ఒత్తిడి పెట్టి, తట్టుకున్నానని మెడ మీద తేదీ కొట్టి పంపారు. అయిదేళ్లకోసారి ఆ పరీక్ష మళ్లీ చెయ్యాలని రాసుకున్నది మనుషులే. పల్నాడు వచ్చాక పదకొండేళ్లలో ఒక్కసారీ చెయ్యనిదీ మనుషులే.

నేను చేరింది రెంటచింతల దగ్గర కోటిలింగం సోడా కార్ఖానాకి. నాలో నింపేది బొగ్గుపులుసు వాయువు. గోలీసోడాలో బుస్సున పొంగేది అదే. గట్టిగా నొక్కి పట్టిస్తే నా లోపల నీళ్లలా ద్రవమై అడుగున కుదురుకుంటుంది. పైన కాస్త ఖాళీ మిగులుతుంది. కుదురుకోవడమన్నది చలికాలం మాట.

నా మెడ దగ్గర నట్టు కింద పలచటి రాగిబిళ్ల ఒకటి ఉండేది. లోపల ఒత్తిడి హద్దు మీరితే ముందు అది చిరుగుతుంది. వాయువు బయటికి పోతుంది, పక్కనున్న మనుషులు మిగులుతారు. ఆ ఏడాది మే నెల మొదటివారంలోనే నా తోటి సిలిండర్లు మూడింటికి బిళ్లలు చిరిగాయి. షెడ్డంతా తెల్లటి పొగ.

కోటిలింగం మండిపడ్డాడు. మాలో వాయువు పట్టించే చోట "ఇంకాస్త నిండుగా పట్టించండి" అని బతిమాలి పట్టించుకొచ్చేది ఆయనే. లేతు మిషను మీద మందపాటి ఇత్తడి బిళ్లలు చేయించి తెచ్చి, దస్తగిరి చేతిలో పోశాడు.

"ఇయ్యి బిగించు. ఎట్టా చిరుగుతయ్యో చూస్తా."

దస్తగిరి పద్దెనిమిదేళ్లుగా అక్కడ సోడాలు పడుతున్నాడు. దూదేకులాయన, మాట తక్కువ. బిళ్లలు జేబులో వేసుకున్నాడు గాని బిగించలేదు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చిన కూతురికి చూపించాడు. సైదాబీ ఇంటర్ రెండో ఏడు, సైన్సు.

"ఇయ్యి పెట్టమాక నాయనా," అంది బిళ్ల చూడగానే. "ఈ వాయువుకి ముప్పై ఒక్క డిగ్రీలు హద్దు. ఆ లోపు నొక్కితే ద్రవమయిద్ది. ఆ పైన ఎంత నొక్కినా కాదు. లోపల ద్రవం, ఖాళీ అన్న తేడానే పోయి అంతా ఒకటే అయిద్ది. ఇంకా వేడెక్కితే తోసుకోను చోటుండదు. సిలిండర్‌నే తోస్తది."

"మనకు మేలో ముప్పై ఒకటంటే తెల్లారేటప్పటికే గదమ్మా. దాన్నేమంటారు?"

"సందిగ్ధ ఉష్ణోగ్రత."

"మంచి పేరే పెట్టారు," అన్నాడు దస్తగిరి. ఆయన తినకుండా ముద్ద చేతిలో పట్టుకుని కూర్చోవడం చూశాను.

సాయంత్రం వెళ్లి కోటిలింగానికి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇంటర్ పిల్ల నాకు పాఠం చెప్పిద్దా? బిగించటం ఇష్టం లేకపోతే చెప్పు, బిగించేవాణ్ణి చూసుకుంటా."

దస్తగిరి బిగించాడు. బిగిస్తున్నంతసేపూ ఆయన వేళ్లు నా మెడ మీద చెమటకి జారాయి. ఆ రోజునుంచి మా మీద గోనెపట్టాలు కప్పి, గంటకోసారి నీళ్లు పోసేవాడు. ఎవరూ చెప్పని పని అది. పది రోజులు అలా బతికాం అందరం.

పదకొండో రోజు పెళ్లివాళ్ల బేరం వచ్చింది. సోడాపెట్టెలకి నీడ కావాలని కోటిలింగం మమ్మల్ని షెడ్డులోంచి వాకిట్లో ఎండలోకి దొర్లించాడు. దస్తగిరిని పెట్టెలతో పక్క ఊరు పంపాడు. కరెంటు లేదు, మోటారు లేదు, గోనెలు అప్పడాల్లా ఎండిపోయాయి. నా పక్కనే నాగరత్నమ్మ, ఆమె కోడలు సీసాలు కడుగుతున్నారు. నా లోపల ద్రవం లేదు, ఖాళీ లేదు. నలుమూలలా ఒకే తోపు. పాత తుప్పు తిన్నచోట గోడ సాగుతోంది. గోల చేసే గొంతు నాకు లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఇత్తడితో మూసేశారు.

రెండుగంటలప్పుడు దస్తగిరి తిరిగొచ్చాడు. గేటు దగ్గరనుంచే మమ్మల్ని ఎండలో చూశాడు.

"నాగరత్నమ్మా, లెగండి! రోడ్డు మీదికి పొండి! లెగండి!"

వాళ్లు పరుగెత్తారు. ఆయన పరుగెత్తలేదు. సీసాలు కడిగే తొట్లో బకెట్టు ముంచి నా మీద పోశాడు. రెండోది పోశాడు. మూడోది ఎత్తుతుండగా నేను చీలిపోయాను.

తర్వాతిది చెప్పను. షెడ్డు రేకులు రోడ్డవతల దొరికాయి.

విచారణలో కోటిలింగం ఒక్కమాట మీద నిలబడ్డాడు. "బిళ్ల బిగించింది వాడే." అబద్ధం కాదది. ఆయన వకీలు సైదాబీని అడిగాడు, "అది ప్రమాదమని మీ నాన్నకి తెలుసా?"

తెలియదంటే చచ్చిపోయిన తండ్రి మీద మచ్చ ఉండదు, కోటిలింగం మీదా ఉండదు. తెలుసంటే ఇద్దరూ దొరుకుతారు. ఆ పిల్ల బోను చెక్కని రెండు చేతులా పట్టుకుంది.

"తెలుసు. నేనే చెప్పాను. నాయన ఆయనకి చెప్పాడు. ఇద్దరికీ తెలుసు."

యజమాని నిర్లక్ష్యం, పనివాడి నిర్లక్ష్యం రెండూ కారణమేనని తీర్పు రాశారు. కోటిలింగానికి ఆరునెలల జైలు పడింది. పైకోర్టుకి పోయి ఇంట్లోనే ఉన్నాడు. బామ్మర్ది పేరుమీద సోడాలు మళ్లీ మొదలయ్యాయి.

నన్ను సాక్ష్యంగా తెచ్చి పోలీస్‌స్టేషన్ పెరట్లో పడేశారు, పొట్ట చీలి, అరటిదొప్పలా. తీర్పు రోజున సైదాబీ నాగరత్నమ్మతో కలిసి వచ్చి నన్ను చూసింది.

"నేను చెప్పకపోతే నాయన ఆ బకెట్టు పట్టుకునేవాడు కాదు పిన్నీ. పెట్టెలు దించి, గేటు బయట కూర్చుని బీడీ కాల్చుకునేవాడు."

నాగరత్నమ్మ ఏదో అనబోయింది. తను బతికున్నది ఆ చెప్పడంవల్లేనని అనాలనుకుంది కాబోలు. ఆ పిల్ల మొహం చూసి, ఆ మాట అనడానికి సిగ్గుపడింది. ఇద్దరూ వెళ్లిపోయారు.