పిల్లర్లు జరిగిన ఇల్లు

పొద్దున్నే మొహం కూడా కడుక్కోకముందే స్తుతి కొత్తింటి పిల్లర్లకి నీళ్లు పట్టేది. వాటికి చుట్టినవి పాత మిర్చి గోతాలు. నీళ్లు తగిలితే కారం ఊరి చేతులు భగ్గుమంటాయి. అందుకే జయరావు ఇంట్లో ఆ పనికి ఎవరూ రాలేదు. చనిపోయిన తమ్ముడి భార్య స్తుతి ఉండగా వాళ్లకేం ఖర్మ?

పిడుగురాళ్ల చుట్టుపక్కల పచ్చి పిల్లరు తనకి నీళ్లు పోసిన మనిషి వైపు జరుగుతుంది. పైన స్లాబు పడి బిగుసుకునేదాకా అంతే. అందరికీ తెలిసిన సంగతే. తెలిసినవాళ్లు ఇంటి యజమాని చేతే, అదీ నట్టింట్లో నిలబడి పోయిస్తారు. జయరావుకి తెలివి లేక కాదు, ఒళ్లు వంగక.

స్లాబు డిజైనుకి కొలతలు తీసుకోవడానికి ఇంజనీరు తేజశ్రీ వచ్చేసరికి పిల్లర్లన్నీ వెనక, స్తుతి రోజూ నిలబడి నీళ్లు పట్టే చోట, ఆమెకి ఇస్తామన్న గది వచ్చే దగ్గర గుమిగూడి ఉన్నాయి. హాల్లో ఒక్కటే మిగిలింది.

ఆ గది స్తుతి భర్త ప్రభు శవం దగ్గర, పాస్టరుగారి ముందు అతని అన్న జయరావు ఇచ్చిన మాట. తలుపేసుకుని తనివితీరా ఏడవడానికి ఒక గది. స్తుతికి మిగిలిన ఆశ అదొక్కటే.

"ఎక్కడున్నవి అక్కడే ఉండనీయండి సార్. దూరం పెరిగిన చోట స్లాబు మందం చేసి, ఇనుము ఎక్కువ వేస్తాను. పిల్లర్ల నెత్తిమీద ఇంకాస్త. ఇల్లంతా నిలబడుతుంది," అంది తేజశ్రీ.

"అంత ఇనుము దండగ మేడం. ఈ పిల్లని హాల్లో నిలబెట్టి నీళ్లు పోయిస్తే అవే వస్తాయి," అన్నాడు జయరావు.

"మరి నా గదికో, బావగారూ?" అంది స్తుతి.

"ముందు ఇల్లు నిలబడనీయమ్మా. గది ఎక్కడికి పోద్ది?"

పిచ్చిది, నమ్మింది. పైపు పట్టుకుని హాల్లో నిలబడింది. జయరావు భార్య మహిమ స్టూలు కూడా వేసింది. "కదలమాక అక్కడ్నించి," అంది. పిల్లర్లు ఒక్కొక్కటే మెల్లగా జరుగుతూ వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డాయి.

తేజశ్రీ మళ్లీ కొలిచింది. వెనక ఒక్కటీ లేదు. రెంటిని వెనక్కి పంపమందామని నోటిదాకా వచ్చింది.

"పిల్లర్లున్నంత వరకే గీయండి మేడం," అన్నాడు జయరావు.

గీసింది. పిల్లర్లు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా వాటిమీద స్లాబు నిలబెట్టగల చదువు ఆమెది. కుదరదని చెప్పడం మాత్రం అందులో లేదు.

స్లాబు రోజు పాస్టరుగారు ప్రార్థన చేశారు. కాంక్రీటు కలిపే మిల్లరు ఆగగానే కూలీలకి బిర్యానీ పెట్టారు. తోలు ఊడిన చేతులతో స్తుతే వడ్డించింది. వడ్డిస్తూ వెనక్కి చూసింది. తన గది ఉండాల్సిన చోట నెత్తిమీద ఉత్త ఆకాశం.

"నా గది, బావగారూ?"

జయరావు ఎముక చీకుతూ తల కూడా ఎత్తలేదు.

"నన్నడుగుతావేంటమ్మా? పిల్లర్లని ఇటు పిలుచుకుంది నువ్వేగా."

నిజమేనన్నట్టు అందరూ తలలూపారు. స్తుతి కూడా ఊపి, ఎంగిలి ప్లేట్లు ఎత్తుకుంది.