లక్క మీద వేలిముద్ర

పెద్దక్క పోయిన రోజు మా డిస్టిలరీలో రాగి బట్టీ వెలిగించలేదు. అంతకుముందు వారం ఆమె మూసిన జాడీ గోడవారన చెక్కబల్ల మీద అలాగే ఉంది. లోపల జిన్‌లో ఆల్బుకరా పళ్ళు నానుతున్నాయి. మూత చుట్టూ లక్క, లక్క మీద ఆమె బొటనవేలి ముద్ర.

ఆ ముద్ర తాతయ్య పెట్టిన నియమం. జాడీ మూసినవాళ్ళు లక్క కరిగించి వేలు అద్దాలి. రుచి చెడితే ఎవరిని తిట్టాలో వెతుక్కోనక్కర్లేదు. తెరిచి వడకట్టేదీ వాళ్ళే. ఇంకొకరు ముట్టుకోకూడదు.

నెల తిరక్కుండానే తమ్ముడు లేబుళ్ళు అచ్చువేసే ప్రింటరును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీదే కొత్త లేబుల్ నమూనా పరిచాడు. తాతయ్య ఫొటో, ఈ చివర నుంచి ఆ చివరికి మీసం. కింద 'తాతగారి చేతి పళ్ళ జిన్' అని ఉంది.

"ఇక్కడ నాలుగు ముక్కలు రాసిపెట్టు చిన్నక్కా. వారసత్వం, తరాలు, అలాంటివి. నీకు చెప్పాలా?"

"తాతయ్య పళ్ళ జిన్ ఎప్పుడు చేశాడురా?"

"చేయలేదనుకో. డిస్టిలరీ ఆయనదేగా!"

"పెద్దక్క మొదటి సీసా ఇస్తే 'ఇది జిన్నా, దగ్గుమందా?' అన్నాడు. పోయేదాకా నోట పెట్టలేదు."

ప్రింటరు నవ్వబోయి దగ్గాడు.

"జనానికి మీసం కావాలక్కా. ఆడమనిషి బొమ్మ వేస్తే జామ్ సీసా అనుకుంటారు."

"బొమ్మ వద్దులే. పద డిస్టిలరీకి."

బల్ల మీద జాడీలన్నిటికీ ఒకటే ముద్ర. సన్నటి వేలు, మధ్యలో అడ్డంగా కత్తిగాటు. పళ్ళు కోయడం నేర్చుకునేటప్పుడు తెగింది.

"తాతయ్య వేలు ఇంతేనా ఉండేది? ఆయన చేతి దెబ్బలు తిన్నవాడివి, నువ్వే చెప్పు."

"లక్కేగా. గీకేసి నా ముద్ర వేస్తే సరి," అంటూ అక్క ఆఖరిగా మూసిన జాడీ మీదికి చెయ్యి చాచాడు.

నేను అడ్డంగా నిలబడ్డాను. "ముట్టుకో, చూద్దాం."

"బడి పంతులమ్మవి, ఇక్కడ నీకేం పని?"

"వారసత్వం కావాలన్నావుగా. తాతయ్య మనకిచ్చింది మీసం కాదురా, ఈ నియమం. చేసినవాళ్ళ ముద్రే సీసా మీదా ఉండాలి. ఉంటే రాస్తాను. లేదంటే ఆ మీసం కింద నువ్వే రాసుకో. ప్రతి కొట్టుకీ వెళ్ళి ఎర్రసిరాతో దిద్దుతాను."

"అన్నంత పనీ చేస్తారండీ," అన్నాడు ప్రింటరు తమ్ముడితో. "నేను ఆవిడ దగ్గరే చదువుకున్నాను."

తమ్ముడు నమూనాను మడిచి జేబులో కుక్కుకున్నాడు. నావైపు చూడకుండానే, "రాయి," అన్నాడు.

నిలబడే రాశాను: 'ఈ జిన్ మా పెద్దక్క చేసింది. తాతయ్య మెచ్చుకోలేదు. ఆమె మానలేదు.' కింద ఆమె పేరు, పక్కన ఆ వేలిముద్ర.

లేబుళ్ళు అచ్చయి వచ్చాయి. ఆఖరి జాడీలో పళ్ళు రంగంతా వదిలేశాయి. తీయాల్సిన గడువు దాటింది. ఆమె లక్కను ఎవరూ ముట్టుకోలేదు, ఇంకా వడకట్టలేదు.