గట్టిపడ్డ గిర్ని ప్లేట్లు

తెలకపల్లిలో కౌసర్ గిర్నికి జొన్నల గంపలకు కొదవ లేదు, ఆమె కుడి భుజానికి నొప్పికీ కొదవ లేదు. పిండి మిషన్‌లోని బీడు ఇనుప ప్లేట్లకు పళ్లుంటాయి. అవి అరిగితే పిండి బరకగా పడుతుంది, రొట్టె విరుగుతుంది, ఆడవాళ్ల నోళ్లు లేస్తాయి. అప్పుడు ఉలితో మళ్లీ గాట్లు కొట్టాలి. భర్త నబీ సాబ్‌కు చూపు పోయాక ఆ చాకిరీ ఆమె నెత్తిన పడింది. ఇంకొక్కసారి సుత్తె ఎత్తడం తన వల్ల కాదనిపించేది.

ఊళ్లో సెల్ టవర్ పనికొచ్చిన వెల్డరు ఇస్రాయేలు ఉపాయం చెప్పాడు. గ్యాసు మంటతో ప్లేటును పైపైన ఎర్రగా కాల్చి నీళ్లు కొడితే పైపొర గట్టిపడుతుందట, తొందరగా అరగదట. కౌసర్ ఆ సాయంత్రమే ప్లేట్లు విప్పి తెచ్చింది.

"పళ్లు మొద్దుగున్నయి గదక్కా. ముందుగాల గాట్లు కొట్టుకరా. గట్టిపడినంక ఉలి దిగదు."

"నాతోని కాదు తమ్మీ. గిట్లనే కానియ్యి."

కానిచ్చాడు. మర్నాడు జొన్నలు పట్టించుకున్న హన్మమ్మ పిండిని వేళ్ల మధ్య నలిపి చూసింది. "గిది పిండా, రవ్వా?" అని గంప ఎత్తుకుని పోయింది. కౌసర్ ప్లేటు విప్పి ఉలి పెట్టి కొట్టింది. ఉలి జారిపోయింది, గీత కూడా పడలేదు. మొద్దు పళ్లే రాయిలా బిగుసుకున్నాయి. కూలబడి ఏడ్చింది.

నబీ సాబ్ తడుముకుంటూ వచ్చి ప్లేటు మీద వేళ్లు తిప్పాడు. "గాట్లు కొట్టలేదా?"

"కొట్టలే. నాతోని కాలే."

"నన్నడిగితే కొడుతుంటి గద, కౌసర్. కండ్లు పోయినయి గని చేతులు పోయినయా?"

చూపు పోయిన మనిషి చేతిలోంచి ఉలి లాక్కున్నది తనే. ఆయన కూడా ఏమీ అనకుండా ఇచ్చేశాడు.

ఇస్రాయేలు ప్లేట్లను మళ్లీ కాల్చి, వేడి బూడిదలో పూడ్చి, మెల్లగా చల్లార్చి మెత్తబరిచాడు. నబీ సాబ్ గడపలో కూర్చుని, బొటనవేలితో పాత గాటు వెతికి, ఉలి ఆనించి కొట్టసాగాడు. కౌసర్ గోడకు ఒరిగి చూస్తూ కూర్చుంది.

"సక్కగ పడ్తున్నయా?"

ఆయన ఆగి చెవి ఒగ్గాడు. అంత చప్పుడులోనూ నిద్రపోయి ఆమె గురక పెడుతోంది.

అంతలో హన్మమ్మ గంపతో వచ్చి, "గిర్ని నడుస్తుందా?" అని కేకేసింది.

"జర మెల్లగ," అన్నాడు నబీ సాబ్. "రేపు రా. కౌసర్ పండుకుంది."